రోకలీ, ఇనప గుండూ

ఆడవాళ్ళ నోట వ్యాయామం అన్న మాట వచ్చిందంటే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు రోకలి పేరెత్తుతారు. "మా కాలంలో రోకలే వ్యాయామం, తిరగలే వ్యాయామం, బావిలో నీళ్ళు చేదుకోవడమే వ్యాయామం. ఈ ఇనప గుండ్లు అప్పుడెవరు ఎత్తారమ్మా!" అంటారు. ఈ మాట అనేవాళ్ళలో రెండు రకాలున్నారు. నిజంగా రోకలి పట్టి దంచినవాళ్ళు మొదటి రకం. వాళ్ళకు నా నమస్కారం. పడక్కుర్చీలో కూచుని ఆ దంపు చప్పుడు విన్నవాళ్ళు రెండో రకం. అదేం చిత్రమో గానీ, రోకలి మహిమను ఎక్కువగా పొగిడేది ఈ రెండో రకం వాళ్ళే.

ఈ రోకలి గొడవ ఈమధ్య మా బంధువుల ఇంట్లోనే వచ్చింది. మా చిన్నమ్మ కూతురు ఎమ్మిగనూరులో కాపురం ఉంటోంది. వాళ్ళ ఇంటి వెనకాల మిద్దె మెట్లకూ, నీళ్ళ తొట్టికీ, ప్రహరీ గోడకూ మధ్య 10 అడుగుల పొడుగు, 8 అడుగుల వెడల్పు జాగా ఒకటి మిగిలింది. ఒకప్పుడక్కడ బర్రెను కట్టేవాళ్ళు. బర్రె పోయాక విరిగిన కుర్చీలూ, ఖాళీ డబ్బాలూ, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన సమస్త చెత్తా అక్కడికి చేరింది. మా చెల్లెలు అదంతా పాత సామాన్ల వాడికి వేసి, ఆ జాగాలో వ్యాయామానికి నాలుగు వస్తువులు పెట్టుకుంటానంది. మొగుడు సరే అన్నాడు. అత్తగారికి మాత్రం ససేమిరా మింగుడు పడలేదు.

"ఏంమ్మా, నువ్వన్నా చెప్పగూడదా దీనికి? మగపిల్లోళ్ళు ఎత్తే గుండ్లు ఇదెత్తితే సూసేటోళ్ళు ఏమనుకుంటారు? మేమేం ఎత్తి బతికినాం?" అని ఆవిడ నాతో మొర పెట్టుకుంది. నవలలు రాసేదానికి ఇట్లాంటి తగువులు తీర్చే తెలివి ఉంటుందని మా బంధువుల్లో ఒక భ్రమ ఉంది లెండి. తగువు నేను తీర్చలేదు. కానీ ఇంటికొచ్చాక పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను. అసలు ఆ సీమలో గుండ్లు ఎవరెత్తారు, ఎక్కడెత్తారు, ఆడవాళ్ళు నిజంగానే ఏనాడూ ఎత్తలేదా అని.

ముందు మాటల సంగతి చూద్దాం. వ్యాయామం అన్నది పుస్తకాల మాట. ఊళ్ళల్లో మాట సాము. సాము చేసే చోటు గరిడీ. కన్నడం వాళ్ళది గరడి. ముస్లిముల వీధుల్లో అదే తాలింఖానా. ఆదోని బజారులో ఈ మూడు భాషలూ ఒకే అంగట్లో వినిపిస్తాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోదే కదా మరి! తాలీం అంటే అరబ్బీలో చదువు, శిక్షణ. సాము అనేది సంస్కృతంలోని 'శ్రమ'ను మన తెలుగు నాలుక అరగదీయగా మిగిలిన రూపం. అంటే సాము అన్నా, శ్రమ అన్నా పుట్టుకలో ఒక్కటే. నాకు నవ్వొచ్చింది ఇక్కడే. మగవాడి శ్రమ గరిడీలోకి వెళ్ళి సాము అయింది, సాధన అయింది. దానికొక గురువూ, గోడకు ఆంజనేయుడి పటమూ, పొద్దున్నే చెంబుడు పాలూ అమిరాయి. ఆడదాని శ్రమ పెరట్లోనే ఉండిపోయి శ్రమగానే మిగిలింది. మహా అయితే చాకిరీ అనిపించుకుంది.

పాతకాలపు గరిడీ అంటే పెద్ద భవంతి అనుకునేరు. నాలుగు మట్టి గోడలు, పైన ఏదో ఒక కప్పు, మధ్యలో తవ్వి మెత్తటి మన్ను నింపిన గోదా. ఆ మన్నులో నూనె, పసుపు, మజ్జిగ లాంటివి కలిపి పదును చేసేవాళ్ళు, పడినా ఒళ్ళు గీరుకోకుండా. ఒక మూల రాతి గుండ్లు, ఇంకో మూల తల చుట్టూ తిప్పే కొయ్య ముద్గరాలు, గోడకు ఆనించి కర్రలు. ఇంతే సరంజామా. రాయి కొండది, కొయ్య వడ్రంగి చెక్కింది, మన్ను చెరువుది. ఆదోని చుట్టూ ఉన్నవన్నీ గుండ్ల కొండలే గనక రాతికి ఎన్నడూ కరువు లేదు. సాము చేసేవాళ్ళ దేవుడైన ఆంజనేయుడు రణమండల కొండ మీద ఉండనే ఉన్నాడు. మా చెల్లెలి జాగా చూసి "ఇంతేనా!" అని పెదవి విరిచినవాళ్ళకు నేను చెప్పేదొకటే, ఒక మనిషి సాము చెయ్యడానికి చేతులు రెండు వైపులా చాపినంత చోటూ, పడుకుంటే కాళ్ళు గోడకు తగలనంత చోటూ ఉంటే సరిపోతుంది.

మన గడ్డ మీది ఇంటి వ్యాయామం గురించి దొరికే ముచ్చటైన వర్ణన ఒక పరదేశి రాసింది. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం చూశాడు. ఆదోని కోట అప్పుడు ఆ సామ్రాజ్యంలోదే. ఆయన కృష్ణదేవరాయల దినచర్య రాశాడు. తెల్లవారకముందే రాయలు లేచి ముప్పావు పింటు నువ్వుల నూనె తాగేవాడట. అంటే పెద్ద గ్లాసుడు! (ఇది చదివి ఎవరూ ప్రయత్నించకండి. చపాతీ పిండిలో చెంచాడు ఎక్కువైతేనే మనకు ఒకటే బాధ.) అదే నూనె ఒళ్ళంతా పట్టించుకుని, నడుముకు చిన్న గుడ్డ చుట్టుకుని, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతుల్లోకి ఎత్తేవాడు. తర్వాత కత్తి పట్టి, తాగిన నూనె అంతా చెమటై కారేదాకా తిప్పేవాడు. ఆపైన తన మల్లుల్లో ఒకడితో కుస్తీ. అదయ్యాక గుర్రమెక్కి తెల్లారేదాకా మైదానంలో స్వారీ. ఇంత చేస్తేనే స్నానం.

ఈ వర్ణనలో నన్ను పట్టేసింది నూనె కాదు, గుర్రం కాదు, మట్టి బరువులు. ఏనుగులూ వజ్రాలూ కొండలుగా పడి ఉన్న మహారాజు పొద్దున్నే ఎత్తింది కుమ్మరి మన్నునే. ఎంత ధనవంతుడైనా బరువు బరువే కదా. దానికి బంగారు పూత వేస్తే కండకు తెలుస్తుందా ఏమన్నానా?

సరే, రాజు సంగతి రాజుది. ఆడవాళ్ళ మాటేమిటి? అదే పేస్, అదే పుస్తకంలో, అంతఃపురంలోని ఒక శాల గురించి చెప్పాడు. చరిత్ర రాసేవాళ్ళు ఆ పేజీని నాట్యం లెక్కలో వేసి వదిలేస్తారు గానీ, నా మట్టుకు నేను దాన్ని వ్యాయామం లెక్కలోనే వేస్తాను. పొడుగాటి శాల అది, వెడల్పు మాత్రం తక్కువ. నిండా శిల్పాలు. రాజుగారి స్త్రీలకు నాట్యం నేర్పేది అందులోనే. అక్కడి పలకల మీద ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క నర్తకి బొమ్మ చెక్కి ఉండేదట, నాట్యం ముగిసినప్పుడు ఏ భంగిమలో నిలబడాలో ఆ భంగిమలో. నేర్చుకునేవాళ్ళు మరిచిపోతే తలెత్తి ఆ బొమ్మ చూసుకోవడానికి. ఇవాళ వ్యాయామశాలల గోడలకు బొమ్మల చార్టులు అతికిస్తున్నారే, అవి మన వాళ్ళు 500 ఏళ్ళ కిందటే రాతిలో చెక్కించారన్న మాట! ఆ శాల చివర ఎడమ పక్కన రంగులు వేసిన ఒక గూడు లాంటి చోటు ఉంది. ఆడవాళ్ళు అక్కడ చేతులతో పట్టుకుని వేలాడి, ఒళ్ళూ కాళ్ళూ సాగదీసి సడలించుకునేవాళ్ళట, దేహమంతా తీగలా వంగడానికి. కుడి పక్క చివర రాజు కూచుని చూసే చోటు. అక్కడ నేలా గోడలూ బంగారమే. చూసేవాడి వైపు బంగారం, చెమటోడ్చేవాళ్ళ వైపు ఉత్త రంగు. దాని మీద నేను వ్యాఖ్యానం చెయ్యను.

ఇంకో పదిహేనేళ్ళకు నూనిజ్ అనే మరో పోర్చుగీసాయన రాశాడు. అచ్యుతరాయల కాలం వచ్చేసింది అప్పటికి. రాజు కొలువులో కుస్తీ పట్టే స్త్రీలున్నారని ఆయన ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు పోయాడు. ఆ వెంటనే జ్యోతిషం చెప్పే స్త్రీలు, కోట లోపలి ఖర్చుల లెక్కలు రాసే స్త్రీలు, రాజ్యపు వ్యవహారాలు రాసి బయటి రాయసగాళ్ళ పుస్తకాలతో సరిచూసే స్త్రీలు. ఒకే వాక్యాల గుంపులో మల్లురాలూ, గుమాస్తా కూడా. ఆ కుస్తీ పట్టిన ఆడవాళ్ళ పేర్లేమిటో, ఏం తిన్నారో, ఏ గోదాలో నేర్చుకున్నారో ఆయన చెప్పి ఉంటే నేను ఇవాళ ఒక నవల రాసేదాన్ని. పోనీయండి. ఎమ్మిగనూరు అత్తగారి "ఎవరెత్తారు?" అన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరికింది. మన పొరుగునే, హంపీలోనే, ఆడవాళ్ళు కుస్తీ పట్టారు.

1565లో విజయనగరం కూలింది. 1568లో ఆదోని కోట బిజాపూరు సుల్తానుల చేతికి చిక్కింది. తర్వాత మొగలులు, నిజాము, మధ్యలో 1786లో టిప్పు ముట్టడి, చివరికి 1800లో కంపెనీ వాళ్ళకు దత్తం. పాలెగాళ్ళ బంట్లను కంపెనీ ఇళ్ళకు పంపించేశాక కత్తితో, కర్రతో పని లేకుండా పోయింది. సాము యుద్ధం కోసం కాక పండుగల కోసం బతికింది అనుకుంటాను. పీర్ల పండుగకు కర్రసాము, జాతరకో ఉగాదికో గుండు ఎత్తే పందేలు. హొళగుంద దగ్గర దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి విగ్రహాల కోసం ఊళ్ళకు ఊళ్ళు ఇనప కట్లు వేసిన కర్రలతో తలపడతాయి. ఏటా తలలు పగులుతూనే ఉంటాయి, పోలీసులు ఏటా చెబుతూనే ఉంటారు. మగతనపు సరదా ఒక్క రాత్రిది. పగిలిన తలకు కట్టు కట్టి, పాలు కాచి, ఆసుపత్రిలో పడిగాపులు పడేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

ఇక ఒక విడ్డూరం వినండి. మన గరిడీల్లో తిప్పే ముద్గరాలను కంపెనీ సైనికాధికారులు మన దండుల్లో చూసి మోజు పడ్డారు. అవి ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళాయి. 1830లలో డోనాల్డ్ వాకర్ అనే ఆయన మగవాళ్ళ వ్యాయామాల మీద ఒక పుస్తకం, ఆడవాళ్ళ వ్యాయామాల మీద ఇంకో పుస్తకం రాశాడు. ఆడవాళ్ళ పుస్తకంలో ఈ ముద్గరాలనే చిన్నవిగా, నాజూకుగా చేసి 'ఇండియా రాజదండాలు' అని పేరు పెట్టాడు. లండన్ దొరసానులు తమ హాల్లో నిలబడి, పొడుగాటి గౌనుల్లో, మన ముద్గరాలు తిప్పారన్న మాట. వాటి వారసులు ఇప్పటికీ ఒలింపిక్స్ లో ఉన్నాయి. 1984 నుంచి ఆడపిల్లలకు మాత్రమే జరిగే లయ జిమ్నాస్టిక్స్ లో గాలిలోకి ఎగరేసి పట్టుకునే కొయ్యలు అవే. వాటిని పుట్టించిన దేశంలో మాత్రం గరిడీ గుమ్మం లోపలికి ఆడపిల్ల అడుగు పెడితే అపచారం.

ఆ తర్వాత వచ్చినవాడు శాండో. మన ఇళ్ళల్లో మగవాళ్ళు వేసుకునే చేతుల్లేని బనీనుకు పేరిచ్చిన మహానుభావుడు. వారానికి ఏడు ఉతికి ఆరేసే ఇల్లాళ్ళకు ఆయన పేరు తెలియకుండా ఎట్లా ఉంటుంది! యూజెన్ శాండో ప్రష్యాలో పుట్టి, లండన్ లో పేరు తెచ్చుకుని, 1904-05లో మన దేశం చుట్టి వెళ్ళాడు. ఇంట్లోనే వ్యాయామం చేసుకోండి అంటూ స్ప్రింగు డంబెళ్ళూ, రబ్బరు తాళ్ళూ పోస్టులో అమ్మాడు. ఆడవాళ్ళకు ప్రత్యేకంగా కూడా! బెంగుళూరులో కె.వి. అయ్యర్ గారు అదే దారిన పోస్టు ద్వారా కండలు పెంచే పాఠాలు చెప్పారు. ఆయన మీద నాకు ఒక ప్రత్యేక గౌరవం. దండీలు తీసిన ఆ చేత్తోనే ఆయన హొయసళ రాణి 'శాంతల' మీద కన్నడంలో ఒక నవల రాశారు. మా నవలాకారుల్లో దండీలు తీసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క తీస్తే వేళ్ళు మిగులుతాయి.

మన వైపు కోడి రామమూర్తి నాయుడు గారు. వీరఘట్టంలో పుట్టి, సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగును నిలిపి 'కలియుగ భీముడు' అనిపించుకున్నారు. 1942లో పోయారు. ఏనుగుల పని మగవాళ్ళదే అనుకోకండి. 1950లలో రేబా రక్షిత్ అనే బెంగాలీ అమ్మాయి కూడా సర్కస్ లలో గుండె మీద ఏనుగును నడిపించుకుంది. 1954లో హమీదా బాను అనే పహిల్వాను తనను ఓడించినవాణ్ణే పెళ్ళాడతానని సవాలు చేసి, బరోడాలో బాబా పహిల్వాన్ ను 1 నిమిషం 34 సెకన్లలో చిత్తు చేసింది. జనం విరగబడి చూశారు. టిక్కెట్టు కొని చూడ్డానికి బలమైన ఆడది అందరికీ ముద్దే. ఇంట్లో ఉంటేనే భయం.

1970లూ 80లలో పత్రికలు చదివినవాళ్ళకు బుల్ వర్కర్ ప్రకటన గుర్తుండే ఉంటుంది. గొట్టం లాంటి ఒక వస్తువును రెండు చేతులా నొక్కుతూ చొక్కా లేని మొగాడు. రోజుకు కొద్ది నిమిషాలు చాలు అనేవాళ్ళు. కథ చదివేది ఆడవాళ్ళు, కింద ప్రకటన మొగాళ్ళది. అదే పేజీలో ఆడవాళ్ళకు అమ్మింది ముఖానికి క్రీములు, తలకు నూనెలు. బలం వాళ్ళకు, మెరుపు మనకు.

ఇప్పుడు మళ్ళీ రోకలి దగ్గరికి వద్దాం. అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. 2017లో కేంబ్రిడ్జి పరిశోధకులు మధ్య ఐరోపాలో దొరికిన ప్రాచీన స్త్రీల ఎముకలు పరీక్షించారు. వేల ఏళ్ళ కిందట వ్యవసాయం మొదలైన కాలపు ఆడవాళ్ళ చేతి ఎముకలు, నేటి పడవ పందేల క్రీడాకారిణుల ఎముకల కంటే 11 నుంచి 16 శాతం దృఢంగా ఉన్నాయట. ముఖ్యమైన కారణంగా వాళ్ళు ఊహించింది ఏమిటో తెలుసా? గింజలు రాతి మీద నూరడం! మన తిరగలి పూర్వరూపం. రోకలీ అంతే. దంచేటప్పుడు చేయి మార్చి చేయి వేస్తాం గనక రెండు చేతులకూ సమానంగా పని. నడుము, భుజం, ఊపిరి అన్నీ కదులుతాయి. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను.

కానీ మిగతా సగం కూడా చెప్పాలి. సాము చేసేవాడికి ఆపే హక్కుంది. ఇవాళ ఒళ్ళు బాగాలేదు అంటే గురువు వద్దంటాడు. చేశాక తిండి, విశ్రాంతి ఉంటాయి. దంచే మనిషికి జ్వరమొచ్చినా, కడుపుతో ఉన్నా ఇంటికి బియ్యం కావాలి. తినడంలో ఆఖరి వంతు కూడా ఆమెదే. ఒకే కదలిక, ఒకే చెయ్యి, ఏళ్ళ తరబడి అయితే అది కండ పెంచదు, కీలును అరగదీస్తుంది. దీనికి మన నేతవాళ్ళ ఇళ్ళలోనే సాక్ష్యం ఉంది. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే ఒక్క చీరకే చెయ్యి దాదాపు 9,000 సార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఆలేరులో చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి, 1999లో ఆసు పోసే యంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. రోజుకు 18,000 సార్లు చెయ్యి ఆడించిన తల్లికి కండలు తిరిగి ఉంటే ఆ కొడుక్కి యంత్రం చెయ్యాల్సిన పనేముంది?

ఎమ్మిగనూరు కూడా మగ్గాల ఊరే. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టి ఆ ఊరి దుప్పట్లకూ తువ్వాళ్ళకూ పేరు తెచ్చారు. గుంత మగ్గం మీద కూచున్నవాడి కాళ్ళు గుంతలో తొక్కుతూనే ఉంటాయి. ఇంట్లో ఆడవాళ్ళు రాట్నం ముందు కండెలు చుడుతూ వంగిన మెడ ఎత్తరు. అత్తగారి మెడ నొప్పి ఆ రోజులదే. ఆవిడే చెప్పింది, ఇంకో సందర్భంలో. చీర కొంగు పక్కకు తీసి, బల్లెంతో పొడిచినట్టుంటదమ్మా అని చూపించింది.

పైగా ఇప్పుడు రోకలీ లేదు, చేద బావీ లేదు. బియ్యం మిల్లులో ఆడుతున్నాయి, పచ్చడి మిక్సీలో తిరుగుతోంది, నీళ్ళు కొళాయిలో వస్తున్నాయి. రావాల్సిందే, చాలా సంతోషం. అయితే ఆ పనులతో పాటు ఒంట్లో ఉన్న కాస్త బలమూ వెళ్ళిపోయింది. నెలసరి ఆగే వయసు వచ్చేసరికి ఆడవాళ్ళకు ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డ అవ్వలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. బరువు మోసిన ఎముక గట్టిపడుతుందని డాక్టర్లు చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకు చెప్పిన లెక్క ఇదీ: వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన కదలిక, దానితో పాటు వారానికి రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం. మొదటిది నడకతో అవుతుంది. రెండోదానికి ఏదో ఒక బరువు ఎత్తాల్సిందే.

తెలుగు ఆడపిల్ల బరువెత్తితే ఏమవుతుందో మనం 2000 సెప్టెంబరు 19న చూశాం. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట పిల్ల కరణం మల్లేశ్వరి సిడ్నీలో ఒక ఎత్తులో 110 కిలోలు, ఇంకో ఎత్తులో 130 కిలోలు, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్ లో ఆడవాళ్ళకు ఆ పోటీ పెట్టిందే ఆ ఏడాది మొదటిసారి. పతకం తెచ్చిన మొదటి భారత స్త్రీ ఆమే. మొదట్లో, మరీ బక్కగా ఉన్నావు, ఇంటి పనిలో అమ్మకు సాయం చేసుకో పో అని వెనక్కి పంపారట. ఆమె కథ చెప్పేవాళ్ళందరూ ఈ మాట చెబుతారు. ఇంటి పని! మళ్ళీ అదే రోకలి.

మా చెల్లెలికి పతకాలేమీ అక్కర్లేదు. ఇద్దరు పిల్లల తల్లి, వయసు ముప్పైయారు. నిండు సిలిండరును ఇంకొకరి కోసం కాచుకోకుండా పక్కకు జరపగలిగితే చాలంటుంది. మరి ఆ 10 అడుగుల జాగాలో ఏమేం పెట్టిందో చెప్పమని మీరు అడుగుతారు.

నేల మీద బండ పరుపు ఉంది. బండ మీద బరువు జారితే బండ పగులుతుంది, తడిసినప్పుడు కాలు జారుతుంది. అందుకని ఒక పక్క నాలుగడుగుల చదరం మేర బండలు తీయించి ఎర్రమన్నూ ఇసుకా కలిపి నింపించింది. అచ్చం పాత గోదాలాగే. బరువులకు మొదట్లో డబ్బు పెట్టలేదు. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి గదా, 5 లీటర్ల డబ్బాలు రెండు. అవి తేలికనిపించాక నీళ్ళ బదులు ఇసుక నింపింది. అదే డబ్బా ఎనిమిది కిలోలకు దగ్గరవుతుంది. ఒక గోనెసంచి ఇసుక, నోరు గట్టిగా కుట్టి. కొన్నాళ్ళకు ఇనప డంబెళ్ళు ఒక జత కొనుక్కుంది. వేలాడడానికి మెట్ల దూలానికి కమ్మరి చేత ఇనప కడ్డీ వేయించింది. గోడలో మేకులు కొట్టి వేలాడితే గోడతో సహా కిందికొస్తాం, ఆ పని ఎవరూ చెయ్యకండి.

పెద్ద శత్రువు ఎండ. ఆ సీమలో వేసవి 40 డిగ్రీలు దాటేస్తుంది. పొద్దున తొమ్మిదికే కడ్డీ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. నారుమళ్ళ మీద కప్పే ఆకుపచ్చ వల ఒకటి పైన కట్టించింది. దానితో ఇంకో లాభం కూడా కలిసొచ్చింది, పక్కింటి మిద్దె మీంచి ఎవరికీ ఏమీ కనబడదు. ఆరుబయట ఆడది చెయ్యి పైకెత్తితే తొంగి చూసే కళ్ళకు ఏ ఊళ్ళోనూ కొదవ లేదు కదా. పొద్దున ఐదున్నరకు లేచి ఆరుంపావుకు ముగించేస్తుంది. వారానికి మూడు రోజులే. మిగతా రోజుల్లో ఒంటికి విశ్రాంతి ఇవ్వాలని దానికి బాగా తెలుసు. ఆ మాట ఇంట్లో వాళ్ళకు అర్థమయ్యేసరికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. "ఈ పొద్దు ఎత్తలేదేం, విసుగొచ్చిందా?" అని మొగుడు, "నేను అప్పుడే సెప్తి" అని అత్త.

అన్నింటికంటే ఎక్కువ చర్చ జరిగింది ఆ ఇనప కడ్డీ మీద. మా చెల్లెలు మొదట పది సెకన్లు కూడా వేలాడలేకపోయింది. ఇప్పుడు నిమిషం దాకా వేలాడుతుంది. అత్తగారు దాన్ని ఇంతవరకూ చేత్తో పట్టుకోలేదు. కానీ ఆ వల కింద నీడ ఉంటుందనీ, రంగు వెలవదనీ కనిపెట్టింది. ఎనిమిదింటికల్లా ఆ కడ్డీ నిండా ఆవిడ నేత చీరలు ఆరుతూ ఉంటాయి. ఐదున్నరకు చెల్లెలు వాటిని మడత పెట్టి మెట్ల మీద ఉంచుతుంది. ఎనిమిదికి మళ్ళీ అవి కడ్డీకెక్కుతాయి.